మల్లన అరవై నాలుగో గడి

18446744073709551615. కోడింగ్ ల్యాబ్‌లో ఈ నంబర్ మనకు కొత్త కాదు. 64 బిట్ల అన్‌సైన్డ్ ఇంటీజర్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య ఇది. ఇంకొక్కటి కలిపామంటే సున్నాకొచ్చి పడతాం. దీన్ని తొమ్మిది వందల ఏండ్ల కిందే తెలుగు పద్యంలో పెట్టినాయన పావులూరి మల్లన.

ఊరి పేరే ఆయన ఇంటిపేరు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఇంకొల్లు దగ్గర ఉంది పావులూరు. మల్లన నన్నయ కాలంవాడని చాలామంది అంటారు. రాజరాజనరేంద్రుడి నుంచి పిఠాపురం దగ్గరి నవఖండవాడను అగ్రహారంగా పొందిన మల్లన తాత అనీ, గణితం రాసింది అదే పేరున్న మనవడనీ ఇంకో వాదం. నాకు రెండోదే సబబనిపిస్తది. తాత పేరు మనవడికి పెట్టుడు మన ఇండ్లల్ల ఇప్పటికీ ఉన్నదే కదా.

ఆయన తెలుగు చేసింది మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో పుట్టిన సంస్కృత గ్రంథం అది. ఆ రాష్ట్రకూటుల సామంతులే మన వేములవాడ చాళుక్యులు. కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట మీద 945 ప్రాంతంలో చెక్కిన మూడు తెలుగు కందాలు వాళ్ల కాలానివే. అంటే మల్లన కంటే ముందే మన కరీంనగర్ రాళ్ల మీద తెలుగు పద్యం ఉంది. లెక్కల పుస్తకం మాత్రం, దొరికినవాటిలో, మల్లనదే మొదటిది. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. అందుకే ఉదాహరణల్లో జినుడి చోటికి శివుడొచ్చాడు.

ఇక ఆ సంఖ్య. చదరంగం మొదటి గడిలో ఒకటి, తర్వాత గడిగడికీ రెట్టింపు. 64 గడుల మొత్తం ఎంత? జవాబు ఇరవై అంకెలు. మల్లన వాటిని మాటలుగా మార్చి చంపకమాలలో కూర్చాడు. శర అంటే మన్మథుడి బాణాలు, అయిదు. వేదం నాలుగు. అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. ఏడు మూడుసార్లు వస్తది. మూడుసార్లూ కొండే, కానీ మాట వేరు: నగ, భూధర, గిరి. భూధర ఎందుకంటే, ఆ మాటను రెండు పాదాల మధ్య విరిస్తే ప్రాస స్థానంలో సరిగ్గా ‘ర’ పడుతుంది. ఎనిమిదికి కుంజర కూడా అందుకే. అంకె తప్పొద్దు, ప్రాస తప్పొద్దు. కంపైలర్ ఇచ్చే ఎర్రర్ కూడా ఇంత కఠినంగా ఉండదనిపించింది నాకు.

ఈ సంఖ్యను ప్రధాన సంఖ్యలుగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. వీటిలో 641, 6700417 కలిస్తే 4294967297. అది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనుకున్నాడు. కాదని 1732లో ఆయిలర్ 641తో భాగించి చూపించాడు. ఇందులో ఇంకో సంగతుంది. మల్లన పద్యంలో ఏ ఒక్క అంకె మారినా ఆ సంఖ్య 641తో నిశ్శేషంగా తెగదు. తాటాకుల మీద ఎంతమంది చేతులు మారి వచ్చిందో ఆ పద్యం. నేను అందులోంచి అంకెలు తీసి పైథాన్‌లో భాగించి చూశా. శేషం సున్నా.