నలుపు తెలుపుల్లో నిజాం కాలాన్ని నిలిపిన దీన్‌దయాళ్

అల్లూరు: ఈ ప్రాంతంలోని పాత ఇళ్ల గోడలపై పూలదండలు వేసిన తాతముత్తాతల ఫొటోలు కనిపిస్తాయి. సముద్రపు ఉప్పుగాలి తగులుతున్నా కొన్నింటిలో నలుపు ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఈ మధ్య ఇంటి ప్రింటరుపై తీసిన ఫొటోలు మాత్రం కొద్ది ఏళ్లకే పాలిపోతున్నాయి. ఫొటో నిలవాలంటే కెమెరా ఒక్కటే చాలదు, ప్రింటు పని కూడా అంతే శ్రద్ధగా సాగాలి. దీనికి సాక్ష్యం సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా లాలా దీన్‌దయాళ్ జీవితం.

ఇంజనీరు ఉద్యోగం నుంచి కెమెరాకు

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించారు. రూర్కీలోని ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇందోరులో ప్రభుత్వ నిర్మాణ శాఖలో చేరారు. కట్టడాల లెక్కలు వేయడం, నమూనాలు గీయడం ఆయన పని. 1874 ప్రాంతంలో ఫొటోలు తీయడం ఆరంభించారు. మధ్య భారతంలోని ప్రాచీన కట్టడాలను తీసిన ఫొటోలతో పేరు గడించారు. తర్వాత ఉద్యోగం వదిలి పూర్తిగా ఈ వృత్తినే చేపట్టారు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా నియమించారు. 1894లో రాజా బిరుదు ఇచ్చి సత్కరించారు. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచారు. అందులో ఫొటోలు తీసే బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో పెట్టారు. 1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ అడవిలో వేటకు వచ్చిన వైస్రాయి కర్జన్ దంపతులను, నేలకూలిన పులిని ఆయన స్టూడియో తీసిన ఫొటో నేటికీ ప్రసిద్ధం.

కోడిగుడ్డు సొనతో మెరుపు

ఆ రోజుల్లో ఫొటోకు నిగనిగ తెచ్చింది కోడిగుడ్డు తెల్లసొన. సొనలో ఉప్పు కలిపి కాగితానికి పట్టించేవారు. ఆరిన తర్వాత ఆ కాగితాన్ని వెండి నైట్రేటు ద్రావణంపై తేలవేసి, చీకటిలో ఆరబెట్టేవారు. దానిపై గాజు నెగెటివును ఆనించి, చట్రంలో బిగించి ఎండలో పెడితే బొమ్మ తేలేది. బంగారు లవణపు ద్రావణంలో ముంచితే ఎరుపు తగ్గి రంగు ముదిరేది, బొమ్మకు మన్నికా పెరిగేది. ఆపై హైపోలో వేసి, మిగిలిన వెండి లవణాన్ని తొలగించేవారు.

అసలు ఓపిక చివరనే. ప్రింటును నీళ్లు మార్చి మార్చి కడగాలి. కాగితంలో హైపో మిగిలితే బొమ్మ పసుపెక్కి వెలిసిపోతుంది. తొందరపడిన స్టూడియోల ఫొటోలు ఆ విధంగానే పాడయ్యాయి.

మిగిలిన ఆస్తి

దీన్‌దయాళ్ 1905 జులై 5న మరణించారు. ఆయన స్టూడియో నెగెటివులకు అంకెలు వేసి భద్రపరిచింది. వాటిలో 2,857 గాజు పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. 2006లో తపాలాశాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

ఇంటి ప్రింటరుకూ ఇదే పాఠం

నేడు వెండి స్థానంలో సిరా వచ్చింది. రంగు సిరాలు కలిపి నలుపు తెప్పించే ప్రింటర్లలో ఫొటోకు ఆకుపచ్చ ఛాయో, గులాబి ఛాయో పడుతుంది. నలుపుతోపాటు బూడిద రంగు సిరాలూ ఉన్న ప్రింటరయితే ఛాయ తేటగా వస్తుంది. మామూలు రంగు సిరా కంటే పిగ్మెంట్ సిరా ఎక్కువ కాలం నిలుస్తుంది. నిగనిగలాడే కాగితం వాడేటప్పుడు ప్రింటరులోనూ ఆ కాగితం రకాన్నే ఎంచుకోవాలి. ప్రింటును ఒక రోజు ఆరనిచ్చి, అద్దానికి అంటుకోకుండా అట్ట అంచు పెట్టి ఫ్రేము కట్టించాలి. చెమ్మ గోడకు, నేరుగా ఎండ పడే చోట తగిలించరాదు.

అన్నిటికంటే ముఖ్యం అసలు ప్రతి. దీన్‌దయాళ్ గాజు పలకలు దాచినట్లే, పెద్దల ఫొటోల ఫైళ్లను రెండు చోట్ల భద్రపరచాలి. గోడ మీది ప్రింటు పాడైతే మళ్లీ తీసుకోవచ్చు. అసలే పోతే ఆ ముఖం మనవళ్లకు దక్కదు.