పొరపై పొర పేర్చిన విదుషి: కేథరిన్ బ్లాడ్జెట్

వానకాలమున వీధిలోని నీటి గుంటపై కిరసనాయిలు చుక్క పడినచో ఇంద్రధనుస్సు రంగులు తేలును. ఆ రంగులు నూనెలోనివి కావు. నూనె పొర మిక్కిలి పలుచనగుట వలన కలిగినవి. అట్టి పొరలను లెక్కించి పేర్చిన ఒక విదుషి చరిత్రమును మేము మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

కేథరిన్ బ్లాడ్జెట్ 1898వ సంవత్సరము జనవరి 10వ తేదీన అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి స్కెనెక్టడీ పట్టణమున జన్మించెను. ఆమె తండ్రి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పేటెంటు న్యాయవాది. ఆమె పుట్టుటకు కొన్ని వారముల ముందే, ఇంట జొరబడిన దొంగ తుపాకి గుండుకు ఆయన బలియయ్యెను. తల్లి ధైర్యము వీడక బిడ్డలను వెంటగొని ఫ్రాన్సు దేశమునకు పోయి కొన్నేండ్లు నివసించెను. ఇంట నొక భాష, వీధిలో నొక భాషగా పెరుగు మన పిల్లలకు ఆ బాల్యము క్రొత్తగా తోచదు.

బ్రిన్ మార్ కళాశాలలో చదువుచుండగా ఆమె తండ్రి పనిచేసిన కంపెనీ పరిశోధనాలయమును చూడబోయెను. అచటి శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పైచదువు చదివి రమ్మని హితవు చెప్పెను. ఆమె చికాగోలో విషవాయువులను పీల్చు బొగ్గును గూర్చి పరిశోధించి పట్టము పొంది, 1918లో అచట చేరెను. ఆ పరిశోధనాలయమున తొలి మహిళా శాస్త్రవేత్త ఆమెయే. 1926లో కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రమున డాక్టరు పట్టమునందిన తొలి మహిళయు ఆమెయే.

స్టియరిక్ ఆమ్లపు అణువునకు నీటిని కోరు తల, నీటిని రోయు తోక కలవు. నీటిపై వేసినచో అణువులు తలలు నీట మోపి, సైనికులవలె ప్రక్కప్రక్కన నిలుచును. బేరియము లవణము కలిపిన అట్టి నీటిలో గాజుపలకను ముంచుచు తీయుచుండగా, ఒక్కొక్క మారు ఒక్కొక్క పొర పలకకు అంటుకొనునని ఆమె కనుగొనెను. పొరలు పెరిగినకొలది రంగు మారును. ఆ రంగును బట్టియే మందమును కొలుచు సాధనమును కల్పించెను.

మామూలు గాజు తనపై పడిన వెలుతురులో నూటికి సుమారు ఎనిమిది వంతులు వెనుకకు త్రిప్పివేయును. 1938లో ఆమె గాజుపై 44 పొరలు పేర్చెను. వాని మొత్తము మందము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. పొర పైభాగమునుండియు, గాజునుండియు మరలివచ్చు కాంతితరంగములు ఒకదానినొకటి అణచివేయగా, గాజు ఉన్నదో లేదో తెలియరాని తీరున నుండెను. అయితే ఆ పూత మెత్తనిది. గుడ్డతో తుడిచిన పోవును. గట్టి పూతలను తరువాత ఇతరులు కల్పించిరి.

ఆమె 1963లో విశ్రాంతి గైకొని, 1979 అక్టోబరు 12వ తేదీన పరమపదించెను. ఆ పొరలకు లాంగ్‌మ్యూర్–బ్లాడ్జెట్ పొరలని పేరు నిలిచెను. నేడు కంటికి కానరాని నానోకణముల ఉపరితలమును రసాయనములతో మార్చి, వానిపై పొరలు పేర్చుచున్నారు. పద్ధతులు వేరైనను, అణువంత మందపు పొరలను వరుసగా పేర్చవచ్చునని తొలుత చూపినవారిలో ఆమె యొకతె.

విద్యార్థులారా! నలువది నాలుగు పొరలలో ఏ ఒక్కటి తొందరపడి వేసినను ఆ గాజు సిద్ధించెడిది కాదు. చదువును అట్టిదేయని మేము తలంచుచున్నాము. బాలికలను పైచదువులకు పంప సందేహించు తలిదండ్రులు ఈ తండ్రిలేని బిడ్డ కథను ఒకమారు తలపోయుదురు గాక!