సమస్థితి రహస్యవేత్త – రాబర్ట్ బరానీ

జాతరలో రంగులరాట్నం దిగిన బాలుడు నేలపై నిలబడినా, లోకమంతా తన చుట్టూ తిరుగుతున్నట్లే భావిస్తాడు. తాడుపై నడిచే గారడీవాడు మాత్రం తొట్రుపాటు లేకుండా సాగిపోతాడు. బాలుడి తూలుడుకూ, గారడీవాడి నిలకడకూ కారణమైన అవయవాలలో ముఖ్యమైనది పుర్రె ఎముకలో ఒదిగి ఉన్న అంతర కర్ణం. చెవి వినడానికే ఉన్నదని లోకం చిరకాలం నమ్మింది. తల తిరగడాన్ని వైద్యులు సైతం మెదడుకు సోకిన జబ్బుగానే తలచారు. ఆ బాధకు అంతర కర్ణం మూలం కావచ్చునని 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మెనియే చాటాడు. అయినా రోగి రెండు చెవులలో ఏది చెడిందో తేల్చి చెప్పే నమ్మకమైన పరీక్ష వైద్యులకు లేదు. ఆ కొరతను తీర్చినవాడు రాబర్ట్ బరానీ.

బరానీ 1876 ఏప్రిల్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆరుగురు సంతానంలో ఆయనే పెద్దవాడు. బాల్యంలోనే ఎముకల క్షయ సోకి, ఒక మోకాలు శాశ్వతంగా బిగుసుకుపోయింది. ఆ వ్యాధి ఆయనను కుంగదీయలేదు. సరికదా, వైద్యవిద్యపై ఆసక్తిని రేకెత్తించింది. వంగని కాలితోనే ఆయన టెన్నిస్ ఆడాడు, కొండలలో విహరించాడు. మనిషి తూలిపోకుండా ఎలా నిలబడగలుగుతున్నాడో ప్రపంచానికి వివరించిన వైద్యుడు, తానే ఒక కాలి లోపంతో జీవితమంతా నడిచినవాడు కావడం విశేషం.

1900లో వియన్నా విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టం పొంది, జర్మనీలోని పలు వైద్యశాలలలో అనుభవం గడించిన తరువాత, 1903లో ఆయన వియన్నాలోని సుప్రసిద్ధ కర్ణవైద్యుడు ఆడమ్ పొలిట్జర్ వైద్యశాలలో చేరాడు. అక్కడ చెవిని పిచికారీ నీటితో శుభ్రపరచడం నిత్యకృత్యం. ఆ సమయంలో చాలామంది రోగులు తల తిరుగుతున్నదని చెప్పేవారు. బరానీ వారి కళ్లను గమనించాడు. కనుగుడ్లు ఒక లయతో అటూ ఇటూ కదులుతున్నాయి. ఒకనాడు ఒక రోగి, నీరు చల్లగా ఉన్నప్పుడే తనకు తల తిరుగుతున్నదని తెలిపాడు. మరుసారి నీరు మరీ వేడిగా ఉండడంతో అతనికి మళ్లీ తల తిరిగింది. అయితే ఈసారి కనుగుడ్లు మునుపటికి వ్యతిరేక దిశలో కదిలాయి. ఇతరులు రోజూ విని విడిచిపెట్టిన ఫిర్యాదును బరానీ ప్రకృతి పంపిన సమాచారంగా స్వీకరించాడు.

అంతర కర్ణంలో ఒకదానికొకటి లంబంగా అమరిన మూడు అర్ధవృత్తాకార నాళికలు ఉన్నాయి. వాటిలో ద్రవం నిండి ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం వెనుకబడి, సున్నితమైన కేశకణాలను కదిలిస్తుంది. ఆ వార్త నాడి ద్వారా మెదడుకు చేరి, కళ్లనూ కండరాలనూ సర్దుతుంది. రంగులరాట్నం ఆగిన తరువాత కూడా ద్రవం కొంతసేపు సాగుతూనే ఉంటుంది గనుకనే బాలుడికి లోకం తిరుగుతున్నట్లు తోస్తుంది. గంగాళంలో వేడి నీరు పైకి లేచి, చల్లని నీరు అడుగుకు దిగినట్లే, చెవిలో పోసిన నీటి వల్ల నాళికలోని ద్రవం కదులుతున్నదని బరానీ ఊహించాడు. ఊహ నిజమైతే తల స్థితిని తలకిందులుగా మార్చినప్పుడు కనుగుడ్ల కదలిక కూడా తారుమారు కావాలి. పరీక్షించగా అలాగే జరిగింది. 1906లో ఈ పరిశోధనను ఆయన ప్రకటించాడు. నీరు పోసినా కన్ను కదలకపోతే, ఆ వైపు అంతర కర్ణం పనిచేయడం లేదని గుర్తించవచ్చు. చెవిలోని చీము లోపలికి పాకి ప్రాణాలు తీస్తున్న ఆ కాలంలో, శస్త్రవైద్యులకు ఈ పరీక్ష దారిదీపమైంది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. బరానీ స్వచ్ఛందంగా సైనికుల సేవకు వెళ్లి, షెమిషిల్ కోటలో శస్త్రవైద్యుడయ్యాడు. 1915 మార్చిలో కోట రష్యా వశం కాగా, ఆయన బందీగా మధ్య ఆసియాలోని మెర్వ్ శిబిరానికి చేరాడు. అక్కడ మలేరియా ఆయనను పీడించింది. అయినా తోటి బందీలకూ స్థానిక ప్రజలకూ చికిత్స చేయడం మానలేదు. 1914 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి తనను వరించిందన్న వార్త ఆయనకు ఆ శిబిరంలోనే అందింది. స్వీడన్ యువరాజు కార్ల్ రెడ్‌క్రాస్ పక్షాన చేసిన కృషి వల్ల 1916లో విడుదలై, స్టాక్‌హోమ్‌లో రాజు చేతుల మీదుగా బహుమతి అందుకున్నాడు.

ఆనందంతో స్వదేశం చేరిన ఆయనకు ఆదరణ కరువైంది. ఇతరుల కృషిని తన రచనలలో తగినంతగా పేర్కొనలేదని వియన్నా సహచరులు నిందించారు. స్వీడన్ శాస్త్రజ్ఞులు కొందరు ఆయన పక్షాన నిలిచారు. మనస్తాపంతో బరానీ 1917లో జన్మభూమిని వీడి స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చేరాడు. పక్కపై తల ఒక వైపు తిప్పగానే కలిగే తల తిరుగుడును 1921లో వివరించాడు. అంతర కర్ణంలోని సున్నపు రేణువులు స్థానం తప్పి నాళికలలో చేరడమే దానికి కారణమని తరువాతి తరాలు కనుగొన్నాయి. నేడు చాలామంది రోగులకు తలను ఒక క్రమంలో తిప్పడం ద్వారానే ఆ బాధను తొలగిస్తున్నారు. 1936 ఏప్రిల్ 8న, అరవయ్యో పుట్టినరోజుకు రెండు వారాల ముందు, బరానీ ఉప్సాలాలో కన్నుమూశాడు.

1983లో వ్యోమగాములు అంతరిక్షంలో ఈ పరీక్ష చేసి చూశారు. భారరహిత స్థితిలో వేడి ద్రవం పైకి లేవదు. అయినా కనుగుడ్లు కదిలాయి. బరానీ చెప్పిన కారణం సంపూర్ణం కాదని అప్పుడు తేలింది. ఆయన వివరణకు సవరణ అవసరమైనా, ఆయన పరీక్షకు నేటికీ విలువ తగ్గలేదు. రోగి చెప్పిన చిన్న మాటను పెడచెవిన పెట్టని ఒక యువవైద్యుడి శ్రద్ధ, తరతరాల వైద్యులకు మార్గం చూపింది.