వజ్రము కొనిన పాదిరిగారి కుమారుడు



తొలకరి జల్లు పడగానే మన అనంతపురపు సీమలోని వజ్రకరూరు పొలములలో జనులు తల వంచి నేలను వెదకుచు తిరుగుట మీరెరిగినదే. వేరుసెనగ పంట ఎండి, అప్పు మెడకు చుట్టుకొనిన యేట మన నల్లమాడ వారికిని అటువైపు మనస్సు పోవును. ఒక్క రాయి దొరికిన చాలు, కష్టములన్నియు తీరునని తలంతుము. గనుక ఈ మాసమున, తెలుగు నేలలో పుట్టిన ఒక రాయివలన ప్రసిద్ధికెక్కిన థామస్ పిట్ దొరగారి జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన 1653లో ఇంగ్లండు దేశమందు ఒక పాదిరిగారి ఇంట పుట్టెను. ఇరువదియేండ్ల ప్రాయమున ఓడయెక్కి 1674లో ఒరిస్సా తీరమందలి బాలాసూరు రేవు చేరెను. ఆ కాలమున ఇంగ్లండువారు ఈ దేశముతో చేయు వర్తకమంతయు ఈస్టిండియా కంపెనీవారి హక్కు. పిట్ ఆ హక్కును లెక్కచేయక సొంత వ్యాపారము సాగించెను. 1683లో స్వదేశము చేరగా అతనిని పట్టి వెయ్యి పౌండ్ల జరిమానా విధించిరి. తరువాత దానిని తగ్గించిరి. అయినను చేతిలో ధనముండెను. పార్లమెంటు సభ్యుడాయెను. 1691లో ఓల్డ్ సారమ్ అను పాడుపడిన గుట్టను కొనెను. అచ్చట ఓటర్లు పిడికెడుమందియే. భూమి యెవరిదో సభ్యత్వమును వారి చేతిలోనిదే.

తుదకు కంపెనీవారు తమ విరోధినే తమ పనిలో పెట్టుకొనిరి. 1698లో ఆయన చెన్నపట్టణపు గవర్నరుగా వచ్చి, 1709 వరకు ఉండెను. 1702లో నవాబు దావూద్ ఖాన్ సేనలు పట్టణమును ముట్టడింపగా ధైర్యముగా నిలిచెను. చివరకు సొమ్ము చెల్లించి సంధి చేసికొనెను. పట్టుదల, శ్రమ ఆయనయందుండెనని మేము ఒప్పుకొందుము.

ఆ రోజులలోనే జామ్‌చంద్ అను వర్తకుడు ఒక సానపట్టని వజ్రమును తెచ్చెను. అది కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలోనిదని చెప్పుదురు. దాని తూకము 410 క్యారెట్లు. వర్తకుడు రెండు లక్షల వరహాలు అడిగెను. బేరము సాగి సాగి 48,000 వరహాలకు తెగెను. పిట్ దానిని తన కుమారుని చేత ఇంగ్లండుకు పంపెను. సానపట్టుటకు రెండేండ్లు పట్టెను; మిగిలినది 140 క్యారెట్లు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దానిని 1,35,000 పౌండ్లకు కొనెను. కొన్న ధరకు అది ఆరు రెట్లకు మించినది.

అయితే ఈ మధ్యకాలమున ఆయనకు నిద్ర లేదు. దొంగల భయముచేత ఒకే ఇంట రెండు రాత్రులు పండుకొనెడివాడు కాడని చెప్పుకొనిరి. అంతకంటె బాధించినది నింద. గనిలోని ఒక బానిస ఆ రాతిని తన కాలి గాయములో దాచి తెచ్చెననియు, ఓడవాడొకడు వానిని చంపి దానిని అపహరించెననియు ఒక కథ వ్యాపించెను. అది నిజమని రుజువు లేదు. పిట్ తాను అన్యాయముగా సంపాదింపలేదని, 1710లో ఇంటికి మరలిపోవుచు బెర్గెన్ రేవులో దేవుని సాక్షిగా వ్రాసియుంచెను. ఆయన 1726లో చనిపోయెను. ఆయన మనుమడును, మునిమనుమడును ఇంగ్లండు ప్రధానమంత్రులైరి. ఆ వజ్రము పారిస్‌లోని లూవర్ ప్రదర్శనశాలలో నున్నది. కొల్లూరు గని పులిచింతల నీట మునిగినది.

ప్రియులారా, కొనినవాని పేరు, అమ్మినవాని పేరు చరిత్రలో నున్నవి. మట్టిలోనుండి దానిని తీసిన కూలివాని పేరు ఎక్కడను లేదు. వానికి ఏమి ముట్టినదో ఎవరును వ్రాయలేదు. మనుష్యులు మరచినను దేవుడు మరువడని మేము నమ్ముచున్నాము.

మత్తయి 13వ అధ్యాయములో ప్రభువు చెప్పిన వర్తకుని తలంచుడి. అమూల్యమైన ముత్యము కొరకు అతడు తనకు కలిగినదంతయు విడిచెను. పిట్ తన రాతిని సంపాదించి, దానిని కాచుకొనుటలో నెమ్మదిని పోగొట్టుకొనెను. మొదటివాడు ఇచ్చివేసి ధనికుడాయెను; రెండవవాడు దాచుకొని భయపడెను.

మనము వజ్రములు కొనువారము కాము. అయినను పొరుగువాని అక్కరను చూచి వాని ఎద్దును, వాని చేనును తక్కువ ధరకు అడుగుట మనలోను కలదు. కాయలు తూచునప్పుడు, కూలి లెక్కించునప్పుడు, చెప్పుకొనలేని ఆ పేదవాని పక్షమున నిలిచియున్న వానిని జ్ఞాపకముంచుకొందము. రాత్రి నిద్రపట్టు సంపాదనయే సంపాదన. ప్రభువు మనకట్టి నిర్మలమైన చేతులను దయచేయును గాక. ఆమేన్.