సంగీతకర్త బాఖ్: రెండు కొలువులు

యూరపు సంగీతకర్తలలో జొహాన్ సెబాస్టియన్ బాఖ్ దైవసంగీతమునకే జీవితమును అంకితము చేసెనని తలచువారు పెక్కుమంది. కాని ఆయన లౌకికసంగీతమును సైతము అంతే శ్రద్ధతో రచించెను. ఒక్కొక్కప్పుడు రెండింటికిని ఒకే బాణీని వాడెను.

1685లో జర్మనీలోని ఐసెనాఖ్ పట్టణమున, వాదకుల వంశమున ఆయన జన్మించెను. పదియేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులను కోల్పోయి అన్నగారి యింట పెరిగెను. 1717లో వైమార్ ప్రభువు కొలువును విడువగోరినందులకు దాదాపు నాలుగు వారములు చెరలో నుండవలసి వచ్చెను. పిదప చేరిన కోతెన్ సంస్థానమున మతాచారమునుబట్టి ప్రార్థనలో ఆడంబర సంగీతమునకు తావులేదు. ప్రభువు మాత్రము సంగీతప్రియుడు. కావున అచ్చట వాద్యరచనలే విశేషముగా వెలసెను.

1723లో లైప్జిగ్ నగరమున సెయింట్ థామస్ పాఠశాలకు సంగీతాచార్యుడయ్యెను. నగర పెద్దలు మొదట కోరినది టెలెమన్‌ను; ఆయన రానందునను, గ్రౌప్నర్‌కు అనుమతి దొరకనందునను ఈ పదవి బాఖ్‌కు దక్కెను. లాటిను బోధించుటయు ఆయన విధులలోనిదే. సొమ్మిచ్చి ఆ పని మరియొకరికి అప్పగించెను. ఉపాధ్యాయులు దీనికి నవ్వుకొందురు గాక! గాత్రమునకును వాద్యబృందమునకును కలిపి కూర్చిన గేయప్రబంధమునకు కంటాటా యని పేరు. తొలి సంవత్సరములలో ఆయన దాదాపు వారమునకొక కంటాటా రచించి, పాఠశాల బాలురచేత చర్చిలో పాడించెను.

1729 మొదలు విశ్వవిద్యాలయ విద్యార్థుల సంగీతసమాజమునకు నాయకుడై, జిమ్మర్మన్ కాఫీశాలలో కచేరీలు నడపెను. కాఫీ మానని కూతురిని మందలించు తండ్రి కథతో ఒక హాస్య కంటాటాయు రచించెను. 1733 సెప్టెంబరు 5న సాక్సనీ రాకుమారుని జన్మదినమునకు హెర్క్యులిస్ కథను ఆ సమాజమే గానము చేసెను. అందు సుఖలాలస స్త్రీరూపమున వచ్చి, వీరుని ధర్మమార్గము నుండి మరలింప లాలి పాడును.

మరుసటి యేటి క్రిస్మస్ ఒరటోరియోలో ఆ లాలియే బాలయేసును నిద్రపుచ్చు పాటయయ్యెను! మాటలు మారినవి, హెచ్చు గొంతునకు కూర్చిన పాటను తగ్గు గొంతునకు దించి, తోడుగా వేణువును చేర్చెను. ఇది అపచారమా? జన్మదిన గీతమునకు ఆయువు ఒక్క దినమే. క్రిస్మస్ ఏటేటను వచ్చును. మంచి బాణీ వ్యర్థము కారాదని ఆయన తలచియుండును. వినినచో ఆ స్వరములలో పాపము కానరాదు, లాలన మాత్రమే కలదు. లాలసను త్రోసిపుచ్చుచు హెర్క్యులిస్ పాడిన పాటను, రానున్న ప్రభువుకై సిద్ధపడుమను గీతముగా మార్చుట మాత్రము నాకంత సహజముగా తోచదు. తిరస్కారపు బిగువు అందు ఇంకను వినవచ్చుచున్నది.

ఈ పద్ధతిని ఆయన కడవరకు విడువలేదు. జీవితాంతమున పూర్తిచేసిన బీ మైనర్ మాస్ అను మహారచనలో హోసన్నా యను భాగము సైతము రాజును కీర్తించు పూర్వపు గీతము నుండి పుట్టినదే. చూపు మందగింపగా 1750లో కంటికి శస్త్రచికిత్స జరిగెను, ఫలింపలేదు. ఆ యేడు జూలై 28న ఆయన మరణించెను. ఆ మాస్ ఆయన జీవించియుండగా సంపూర్ణముగా గానము చేయబడినట్లు ఆధారములు లేవు.