ఇంటింటి గళం

కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట దివిసీమ ఉంది. దానికి ఈశాన్యంగా బందరు రేవు, మరికొంత ఎగువన గుడివాడ. పద్యానికీ పదానికీ ఈ నేల పుట్టినిల్లు వంటిది. క్షేత్రయ్య నడయాడిన మొవ్వ, భాగవతులకు నెలవైన కూచిపూడి ఇక్కడివే. ప్రాచీన బౌద్ధస్తూపానికి ప్రసిద్ధమైన దివి తాలూకాలోని ఘంటసాల గ్రామం పేరే ఇంటిపేరుగా గల ఒక కుటుంబంలో, గుడివాడ సమీపాన చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న వేంకటేశ్వరరావు జన్మించాడు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ.

సూరయ్య మృదంగ విద్వాంసుడు. నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ కుమారుని భుజాన వేసుకొని భజనలకు వెళ్ళేవాడు. ఆ పాటకు బాలుడు చేసే నృత్యాన్ని చూసి జనం అతనిని బాలభరతుడని పిలిచేవారు. సంగీతం నేర్చుకొమ్మన్న కోరికను కొడుకుకు మిగిల్చి, అతని పసితనంలోనే తండ్రి కన్నుమూశాడు. ఆ పిదప మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య కుటుంబాన్ని ఆదుకొన్నాడు.

తండ్రికోరిక ఆ బాలుని నిలువనీయలేదు. చేతి ఉంగరం అమ్మి విజయనగరం చేరాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి అతనిని శిష్యునిగా స్వీకరించాడు. గురువుది పేదరికం, శిష్యునిది నిరుపేదరికం. జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తి ఆకలి తీర్చుకొంటూ మహారాజా సంగీత కళాశాలలో విద్య ముగించిన ఆ యువకుడు స్వగ్రామం వైపు తిరిగి వచ్చి కచేరీలు చేశాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్ళారి దగ్గరి అల్లీపురం జైలులో శిక్ష అనుభవించాడు. 1944లో సావిత్రితో వివాహం జరిగింది. ఆమె పుట్టినూరైన పెదపులివర్రుకు చెందిన రచయిత సముద్రాల రాఘవాచార్యుల ప్రోత్సాహంతో మద్రాసు చేరాడు.

అక్కడ అతనికి ఎదురైనది సభ కాదు, మైకు. ఆ తేడాను గ్రహించకుండా ఘంటసాల గొప్పతనాన్ని అంచనా వేయలేము. అంతవరకు తెలుగు రంగస్థలంపై పద్యం పాడిన నటులకు యంత్రసహాయం లేదు. పందిరిలో చిట్టచివర కూర్చున్నవానికి కూడా వినిపించాలి గనుక కంఠమెత్తి, రాగాన్ని సాగదీసి పాడడం వారికి తప్పనిసరి. వారిని తక్కువ చేయడం తగదు. ఆ కాలానికి అదే సరైన పద్ధతి. 1925 ప్రాంతంలో విద్యుత్తుతో ధ్వనిముద్రణ చేసే విధానం రావడంతో పరిస్థితి మారింది. మైకులోని పలుచని పొర చిన్న నిట్టూర్పుకు కూడా కంపిస్తుంది. ఎలుగెత్తి పాడితే బెదరిపోతుంది. మెల్లగా పలికితే మనసులోని మాటను కూడా పట్టుకొంటుంది. ఘంటసాల కంఠం రికార్డుకు నప్పదని తొలి పరీక్షలో త్రోసిపుచ్చినట్లు చెప్పుకొంటారు. తరువాత గ్రామఫోను సంస్థలో పనిచేస్తుండిన పేకేటి శివరాం చొరవతో ఆయన పాట రికార్డుకెక్కింది. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో కూడా పాడాడు. 1945లో విడుదలైన ‘స్వర్గసీమ’లో నేపథ్యగానం చేశాడు.

నాటి గ్రామఫోను రికార్డు లక్కతో చేసిన పళ్ళెం. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పళ్ళెంపై ఒక వైపు ఇమిడేది సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే. నాటకంలో ఒక్క పద్యానికే అంతకు మించిన కాలం పట్టేది. ఆ ఇరుకులో పద్యాన్ని ఒదిగించడానికి ఘంటసాల రాగాలాపనను కుదించి, భావానికి అవసరమైనంతే నిలిపాడు. ప్రతి అక్షరం విడివిడిగా వినబడేటట్లు ఒత్తులను, విరుపులను తీర్చాడు. కరుణశ్రీ రచించిన ‘పుష్పవిలాపం’ పద్యాలు ఆ కంఠంలో రికార్డులుగా వెలువడి, చదువురాని వారి నాలుకలపై కూడా నిలిచాయి. పద్యం పండితుని సొత్తు కాదని తెలుగువారికి నిరూపించినది ఏ విమర్శగ్రంథమూ కాదు, ఆ లక్క పళ్ళెమే అనవచ్చు.

అయితే గాయకుడు ఎంత శ్రద్ధగా పాడినా, చివరకు ఆ పాట వినేవాని ఇంటిలోని యంత్రంపై ఆధారపడుతుంది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను పెట్టెలో స్ప్రింగు సడలితే పళ్ళెం వేగం తగ్గి, పాట శ్రుతి క్రమంగా దిగిపోతుంది. వినేవారు గాయకుని తప్పనుకొంటారు. నిజానికి కావలసినది మరి నాలుగు చుట్ల కీ. ఉక్కుముల్లును ఒక వైపు పాట ముగియగానే మార్చాలి. పొదుపుకోసం అరిగిన ముల్లునే వాడేవారు కొందరు. అది రికార్డులోని గాడిని చెక్కివేసి బుసబుస శబ్దాన్ని శాశ్వతంగా మిగిలిస్తుంది. గాడి చిట్లితే ముల్లు దాటలేక ఒకే మాటను పదేపదే పలికిస్తుంది. ధూళి, తేమ కూడా శత్రువులే. మంచి యంత్రాన్ని ఎన్నుకోవడమంటే గట్టిగా మ్రోగేదానిని తెచ్చుకోవడం కాదు, వేగం నిలకడగా ఉండి మాట స్పష్టంగా వినిపించేదానిని తెచ్చుకోవడం. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయ్యాక గ్రామఫోను కొనలేని వారికి రేడియో ఆధారమైంది.

సంగీత దర్శకునిగా కూడా ఆయన ప్రయాణం వేగంగా సాగింది. ‘మనదేశం’, ‘పాతాళభైరవి’, ‘లవకుశ’ ఆయన సంగీతం సమకూర్చినవే. 1957 నాటి ‘మాయాబజార్’కు సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకొనగా, మిగిలిన పనిని ఘంటసాల పూర్తి చేశాడు. ఎక్కడ ఒకరి చేయి ఆగి రెండవవారి చేయి మొదలైనదో వినేవారికి తెలియదు. 1970లో పద్మశ్రీ లభించింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలలో కచేరీలు చేశాడు.

ఆరోగ్యం క్షీణించిన చివరి కాలంలో ఆయన భగవద్గీతలోని నూటికి పైగా శ్లోకాలను, వాటికి తెలుగు తాత్పర్యంతో సహా పాడి రికార్డు చేయించాడు. సినిమా పాటకు మూడు నిమిషాల హద్దుకు అలవాటుపడిన కంఠానికి ఈసారి కాలం కొరత లేదు. నిమిషానికి 33 చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా పలుకుతుంది. దాని గాడి మిక్కిలి సన్నన. పాత గ్రామఫోను ఉక్కుముల్లు మోపితే ఒక్కసారికే పాడైపోతుంది. దానికి నీలం లేదా వజ్రం తొడిగిన తేలికైన ముల్లు, విద్యుత్తుతో తిరిగే ప్లేయరు కావాలి. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల మరణించాడు. గీత రికార్డు ఆ తరువాతనే విడుదలైంది. కొత్త ప్లేయరు లేని ఇండ్లలోని వారు గుడి మైకులోనో పొరుగింటి అరుగుమీదనో దానిని విన్నారు. క్యాసెట్లు వచ్చాక పల్లెపల్లెకూ చేరింది. ఎవరైనా మరణించిన ఇంట ఆ గీతాగానాన్ని వినిపించడం తెలుగునాట ఆచారమై నిలిచింది.