లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్

యంత్రము యొక్క పటమును పరదేశమునుండి తెచ్చుకొనవచ్చును. ఆ యంత్రమును నిలుపు లోహమును మాత్రము ఎవ్వరును అంత సులభముగా ఈయరు. ఈ సత్యమును గుర్తించి తన జీవితమును దానికి ధారవోసిన మహనీయుడు డాక్టరు బ్రహ్మప్రకాశ్. గోల్నాక, తార్నాకలకు దవ్వు కాని మౌలాలి ప్రాంతమున 1971లో నెలకొన్న అణుఇంధన సంస్థ ఆయన కృషిఫలములలో నొకటి.

ఆయన 1912లో లాహోరున జన్మించిరి. పంజాబు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రమును అభ్యసించి, శాంతిస్వరూప్ భట్నాగర్ గారికడ పరిశోధన చేసి, పిదప అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున మరల డాక్టరు పట్టము నొందిరి. 1948లో అణుశక్తి రంగమున చేరిరి. 1951లో బెంగుళూరు విజ్ఞాన విద్యాలయమున లోహశాస్త్రశాఖకు అధ్యక్షులైరి; ఆ పీఠము నధిష్ఠించిన తొలి భారతీయుడు ఆయనయే. 1957లో మరల అణుశక్తి శాఖకు వచ్చి, ట్రాంబేలో లోహపరిశోధనకు నాయకత్వము వహించిరి.

అచ్చట వారి కెదురైన సమస్యలలో జిర్కోనియము ముఖ్యమైనది. రియాక్టరులో యురేనియము నిముడ్చు గొట్టములకు ఈ లోహమే శ్రేష్ఠము. అది న్యూట్రానులను దాదాపు మ్రింగదు. కేరళ తీరమునందును, మన శ్రీకాకుళ, విశాఖ తీరములందును గల ఇసుకలో దీని ఖనిజము లభించును. కాని దానితో హాఫ్నియమను లోహము కలిసియుండును. అది న్యూట్రానులను జిర్కోనియముకంటె 500 రెట్లకు పైగా మ్రింగును. రెండును రసాయనగుణములలో కవలపిల్లలవంటివి, విడదీయుట కష్టము. ఆ విద్య మన దేశమున స్థిరపడినందుననే మౌలాలిలో ఇంధనగొట్టముల తయారీ సాధ్యమైనది.

1971 డిసెంబరులో విక్రమ్ సారాభాయ్ గారు మరణించిరి. మరుసటి యేట, విశ్రాంతి గోరదగిన అరువదియవ యేట, బ్రహ్మప్రకాశ్ గారు తిరువనంతపురమందలి అంతరిక్షకేంద్రమునకు తొలి అధ్యక్షులై, 1979వరకు నడిపిరి. 1973లో హైదరాబాదు నగరమున మిశ్రధాతు నిగమము వెలయుటయందును ఆయన పాలు గొప్పది. రాకెట్టులకు వలయు ఉక్కు, టైటానియము నేడచ్చట తయారగుచున్నవి.

అణువునకును ఆకాశమునకును లోహమే వంతెన. రియాక్టరునందు పనికిరాని హాఫ్నియము, నియోబియముతో కలిసి రాకెట్టు నాళికలకు వన్నె తెచ్చుచున్నది. అమెరికా వారు 1955 మొదలు 1973 వరకు అణుశక్తితో నడచు రాకెట్టు యంత్రములను నేలపై పరీక్షించిరి. హైడ్రోజనును 2,200 డిగ్రీలకు మించి కాచినప్పుడు అది ఇంధనమునకు ఆధారమైన గ్రాఫైటును తినివేయసాగెను. 1968లో దానికి జిర్కోనియము కార్బైడు పూత పూసి కొంత అరికట్టిరి. వ్యయభారముచేత ఆ ప్రయత్నమాగెను. అట్టి యంత్రముతో నేటివరకు ఏ నౌకయు ఎగయలేదు. సిద్ధాంతము లేక కాదు. ఆ వేడికి చిరకాలము ఓర్చు పదార్థము దుర్లభమగుటయు ఒక ముఖ్యకారణము.

బ్రహ్మప్రకాశ్ గారు 1984 జనవరి 3న పరమపదించిరి. 1961లో పద్మశ్రీయు, 1968లో పద్మభూషణమును ఆయనను వరించినవి. వడ్లను పొలముననే తెగనమ్మి, బియ్యమును సంతలో కొనుక్కొను రైతును లోకము మెచ్చదు. ఇసుకను ఓడల కెత్తి, లోహమునకై పరుల నాశ్రయించు జాతియు అట్టిదే. మన పిల్లలు కార్యాలయపు కుర్చీనే కాక కొలిమి ముంగిటి పనినికూడ గౌరవముగా నెంచిననాడే ఆయన ఋణము తీరును.